తెర మీద తాత

సినిమాల్లో ఇద్దరమ్మలున్న ఇంట్లో తాతెప్పుడూ దుర్మార్గుడే. చూసేవాళ్ల మొహాలనే పాత్రలకు తొడిగే తెరలు ఇంటింటికీ వచ్చాక, ఆ వేషం భార్య పోయిన కోటిలింగానికి పడింది. నిన్నటి సినిమాలో అతని మొహమున్న తాత, కూతురు నీలవేణినీ, ఆమె పెళ్లాడిన శశికళనూ ఇంట్లోంచి గెంటేశాడు. చివర్లో ఏడ్చాడు.

పొద్దున మనవరాలు ఇందు అతని చేతి ముద్ద తినలేదు.

"అమ్మల్ని గెంటేశావుగా. సారీ చెప్పు."

"అది ఉత్త సినిమానే," అంది శశికళ. "మా పెళ్లికి పందిరేసిందే తాత."

"నేను చూశాను."

కోటిలింగం ముద్ద కంచంలో పెట్టి, నీలవేణి, శశికళల వైపు తిరిగాడు.

"తప్పయిందమ్మా."

ఇందు నోరు తెరిచింది. అతను అన్నమంతా తినిపించాడు.

నీలవేణి కళ్లు తుడుచుకుని, "నాన్నా, నువ్వేనాడూ మమ్మల్ని పొమ్మనలేదు..." అంటూ మొదలుపెట్టింది.

"ఆ మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తొద్దు," అని చెయ్యి కడుక్కోడానికి లేచాడు.