పది నిమిషాలు మరిగించాక

“నిజం చెప్పండి బాబాయ్. మరిగించలేదు కదూ?” అంది ల్యాబ్‌లో పరిశోధన చేసే ఆవిడ.

బల్ల మీద రెండు గాజు గొట్టాలున్నాయి. రెండూ నీలమే. అదే కొంప ముంచింది. సముద్రపు నాచులోంచి తీసిన ఎంజైమ్ బతికుంటే గొట్టంలోని పసుపు రంగు నీలంగా మారాలి, చచ్చిపోతే పసుపుగానే ఉండాలి. అందుకే ఒకదాంట్లో బతికున్నదీ, రెండోదాంట్లో పది నిమిషాలు మరిగించి చంపినదీ వేస్తారు. చచ్చినది కూడా నీలం చేసిందంటే పరీక్షంతా తప్పుల తడకే. మందుల ఫ్యాక్టరీల్లో మనుషుల ఊపిరితిత్తులు తినేసే బ్రోమిన్‌కి బదులు ఈ ఎంజైమ్ వాడొచ్చని, రెండు నెలలు వేడిలో ఉంచినా చెక్కుచెదరలేదని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. రేపు పొద్దున్నే కంపెనీ వాళ్లు చూడటానికి వస్తున్నారు.

“మరిగించానమ్మా. గడియారం చూసుకుంటూ పది నిమిషాలు,” అన్నాడు బాబాయ్. ల్యాబ్‌లో అందరికీ ఆయన బాబాయే. ముప్పై ఏళ్లుగా అక్కడే పని. ఆవిడకి చుక్కలు కొలిచే పిపెట్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే.

“మరిగిస్తే చావని ఎంజైమ్ ఉంటుందా బాబాయ్?”

ఆవిడ వదల్లేదు. స్విచ్ వేశారా, నీళ్లు తెర్లడం కళ్లారా చూశారా, గొట్టాలు తారుమారు చేశారా అని గుచ్చి గుచ్చి అడిగింది. పోయిన నెల కళ్లజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతికిన సంగతి కూడా తవ్వి తీసింది. అనకూడని మాటే, నోరు జారింది.

“ఏమోనమ్మా,” అన్నాడు చివరికి. “నువ్వంతలా అంటుంటే నాకే అనుమానంగా ఉంది. మా అన్నయ్యకీ ఇలాగే మొదలైంది. ఇప్పుడు సొంత కూతుర్నే ఎవరు నువ్వని అడుగుతున్నాడు.”

పక్కనే నిలబడి వింటున్న ల్యాబ్ డైరెక్టర్‌కి ఆ మాట చాలు. మతిమరుపు మనిషిని యాసిడ్ సీసాల మధ్య ఉంచలేమని, రేపట్నుంచి రావద్దని అప్పటికప్పుడు కాగితం రాసిచ్చాడు. బాబాయ్ సంతకం పెట్టి, తెల్లకోటు విప్పి, మడతలు సరిచేసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“ఇక మనవరాల్ని బడి నుంచి నేను తీసుకురాకూడదేమో అమ్మా,” అన్నాడు.

ఆవిడ ఆ కోటు తీసి కొక్కేనికి తగిలించింది. ఏడుస్తూ కూర్చుంటే రేపటి పరీక్ష ఎవరు చేస్తారు? ఈసారి ఎవరినీ నమ్మేది లేదనుకుంది. సీలు తీయని పెట్టెలోంచి కొత్త గొట్టాలు తీసి, తనే ఎంజైమ్ పోసి, మూత బిగించి, మరిగే నీళ్లలో ముంచింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. పది నిమిషాలు కాదు, గంటసేపు ఉంచింది. మధ్యలో ఫోన్ మోగినా లేవలేదు.

చల్లారాక మరో రెండు గొట్టాల్లో పసుపు రంగు పోసింది. మొదటిదాంట్లో ఉత్త నీళ్ల చుక్క వేసింది. పసుపు పసుపుగానే ఉంది. హమ్మయ్య, రంగులో లోపమేం లేదనుకుంది.

రెండోదాంట్లో, తన చేత్తో గంటసేపు మరిగించి చంపిన ఎంజైమ్ ఒక్క చుక్క వేసింది. చూస్తుండగానే అది నీలమైపోయింది.