చెరుకుతోటలో నీలిచుక్క

చిత్తూరులో ఎన్ని ఇళ్లకు తాళాలున్నా సుజన ఇంటికి అక్కర్లేదు. ఢిల్లీబాబు ఉన్నాడు. సుజన కూరగాయలకు వెళ్తే “యాడుండావ్?” అని ఫోను. మేడ మీద బట్టలు ఆరేస్తున్నా ఫోను. ఎప్పుడో గంగజాతరలో ఒకరికొకరు అరగంట తప్పిపోయిన సంగతి ఆ ఇంట్లో ఇంకా నిన్నటి మాటే.

కాలేజీలో మూడు నెలల డిజిటల్ మ్యాపుల కోర్సులో చేరతానని సుజన అంటే వద్దన్నాడు. రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మూడోరోజు ఒప్పుకున్నాడు. షరతు ఒక్కటే. ఫోనులో లొకేషన్ ఆర్పకూడదు.

ఆనాటి నుంచి అతని ఫోనులో సుజన ఒక నీలిచుక్క. బస్సు రైలుగేటు దగ్గర ఆగి చుక్క కదలకపోయినా ఫోను మోగేది. క్లాసంతా నవ్వేది.

కోర్సులో చదివేది తక్కువ, నడిచేది ఎక్కువ. దగ్గర్లోని ఐరాల ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు చూపిన ప్రతి బాటా నడిచి మ్యాపుకు ఎక్కించాలి. సుజనకు తోడు సంఘం లీడరు మునిరత్నమ్మ.

చివరిరోజు పొద్దున్నే ఢిల్లీబాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఈపొద్దు పోవద్దు. నిన్న ఆ చెరుకుతోట్లో చుక్క పావుగంట కదల్లేదు. నా పానం పోయినంత పనైంది.”

“మజ్జిగ తాగుతుంటిమి. తోట్ల బాట ఒకటే మిగిలుండాది. ఈపొద్దు ఎక్కించకపోతే సర్టిఫికెట్ రాదు.”

“రాకుంటే కొంపేం మునగదు. తప్పిపోతే ఎవురు ఎతికేది?”

గేటుకు తాళం పడింది. తాళంచెవి అతని చొక్కా జేబులోకి పోయింది.

సుజన కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. వీధిలో కొత్తిమీర బండి కూడా తనకంటే స్వేచ్ఛగా పోతోంది. అతను స్నానానికి వెళ్లగానే చొక్కా జేబు తడిమింది. తొమ్మిదింటి బస్సు అందింది.

మధ్యాహ్నానికి ఢిల్లీబాబు చుక్క వెంట బండి తీశాడు. ఐరాల దాటాక మ్యాపులో రోడ్డు అయిపోయింది. చుక్క మాత్రం ముందుకే పోతోంది. అతనూ చెరుకులో దూరాడు. కాసేపటికి బండి కాలువలో దిగబడింది. చుట్టూ తలకు మించిన చెరుకు. మూడుసార్లు బయటికని నడిచి, మూడుసార్లూ బండి దగ్గరికే వచ్చాడు. గొంతు ఎండిపోయింది.

ఫోను చేశాడు. “నేను... యాడుండానో తెలీలేదు.”

“లొకేషన్ పంపు,” అంది సుజన, ఎంతో మర్యాదగా.

పంపాడు. ఇప్పుడు నీలిచుక్క అతనే.

“ఎడమకు తిరుగు. మోటరు షెడ్డు వస్తాది. దాని ఎనక కాలిబాట.”

“మ్యాపులో యాడా లేదే!”

“నీదాంట్లో లేదు. మేము గంట కిందటే ఎక్కించినాము. నడువు.”

బాట ఉంది. దాని కొసన బెల్లం గానుగ దగ్గర తేలాడు. చేతుల నిండా చెరుకాకు గీతలు.

మునిరత్నమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. “సూడు మే సుజనా, ఎతకను వచ్చినోణ్ణే ఎతకాల్సి వచ్చె!”

సుజన నవ్వలేదు. మ్యాపులో ఆఖరి బాటకు పేరు పెడుతోంది.

“తప్పు నాదేమా,” అంటూ ఇరవై నాలుగేళ్ల ఢిల్లీబాబు కన్నతల్లి సుజన కొంగుతో మొహం తుడుచుకున్నాడు.