సైరన్ విన్నవాళ్లు

వరద కమిటీ గుమాస్తా వేంకటరమణ సైరన్ కొట్టించి, బడిగుట్ట మీద అటుకుల బస్తాలతో కాచుకున్నాడు. ఒక్కరూ రాలేదు. కోపంగా దిగి వెతికితే, వాడకట్టు ఆడవాళ్లంతా బొగ్గుబాయి గేటు దగ్గరున్నారు.

"వరదొస్తే సైరన్ కొడతం, గుట్టెక్కున్రని చాటింపు వేయించినం గదా! ఇక్కడికెందుకొచ్చిన్రు?"

"వేళగాని వేళ సైరన్ మోగితె బాయిల పానాలు పోయినట్టే గద సారూ," అంది సారక్క. "మా కాళ్లకు గీ తొవ్వే ఎరుక. నా పెనిమిటి కిందనే ఉన్నడు."

"బాయికేం కాలేదమ్మా. వాగు పొంగింది, అంతే."

"పొంగిన నీళ్లు బాయిలకు దిగయా? కిందున్నోళ్లకు ఎవలు చెప్పిన్రు?"

వేంకటరమణ కమిటీ కాగితం తిరగేశాడు. గుట్ట, లాంతర్లు, అటుకులు, అధ్యక్షుడి ఉపన్యాసం అన్నీ ఉన్నాయి.

"సైరన్ కొట్టినం గదమ్మా," నసిగాడు.

"అది కిందికి ఇనవడుతదా సారూ?" సారక్క గేటు తోసుకుని ఉరికింది.

ఈసారి వేంకటరమణ కూడా ఆ తొవ్వే పట్టాడు.