పిల్లికూతలు ఆగితే

మార్త సంచి సర్దుకుంటోంది.

ఆయాసానికి పీల్చే నీలం రంగు పంపు మందు, దానికి బిగించే ప్లాస్టిక్ గొట్టం, ఒక కట్ట స్ట్రాలు. అన్నిటికీ అడుగున అట్ట వేసిన పొడుగాటి పుస్తకం.

"అదెందుకక్కా, బరువు? ఎక్కడా తెరవవు, చదవవు," అంది చెల్లెలు దానమ్మ.

"ఉండనీవే."

మైలవరంలో బస్సెక్కి, విజయవాడలో ఇంకో బస్సు మారి, హనుమాన్ జంక్షన్ దాటేసరికి పదకొండయింది. పొలాల మధ్య ప్రైవేటు స్కూలు, వెనక ఆడపిల్లల హాస్టల్. వాళ్ళు రమ్మనలేదు. ఆస్తమా ఉన్న పిల్లల్ని ఎలా చూసుకోవాలో స్టాఫ్‌కి నేర్పుతానని ఆమే మూడుసార్లు ఫోన్ చేస్తే, కరస్పాండెంటుగారు అరగంట ఇచ్చారు.

"మందుల కంపెనీ ఆవిడ. ఆఖర్న ఏదో ఒకటి కొనమంటుంది చూడండి," అంది వార్డెన్ ఛాయాదేవి, పక్కనున్న డ్రిల్లు మాస్టారు అంతోనితో. వినబడేలాగే అంది.

మార్త అందరికీ తలో స్ట్రా ఇచ్చింది.

"కూల్‌డ్రింకు మర్చిపోయినట్టున్నారు మేడం," అన్నాడు అంతోని.

అందరితో పాటు మార్త కూడా నవ్వింది. "ముక్కు మూసుకుని, దీంతోనే గాలి పీల్చండి. ఒక్క నిమిషం."

ఛాయాదేవి ఇరవై సెకన్లకే స్ట్రా తీసేసింది.

"మీరు తీసేశారు. ఆస్తమా పిల్లకి తీసేసే వీలుండదండీ," అంది మార్త. "మీ దగ్గర అలాంటి పిల్లలున్నారా?"

"ఒకతుంది. అక్షయ, ఎనిమిదో తరగతి. చలికాలం వస్తే చాలు, గుండెల్లో ఒకటే పిల్లికూతలు."

"పాప మందు ఎక్కడ పెడతారు?"

"ఆఫీసు బీరువాలో. మందులన్నీ అక్కడే, మా రూలు. తాళం కరస్పాండెంటు సార్ దగ్గరుంటుంది."

"సార్ లేనప్పుడు?"

ఛాయాదేవి స్ట్రాని బల్ల మీద పడేసింది.

"ఆ పంపు పిల్ల దగ్గరే ఉండాలండీ. ఆయాసం వస్తే పడుకోబెట్టకండి, కూర్చోబెట్టండి. ఇంకొక్క మాట. పిల్లికూతలు ఆగితే తగ్గిందనుకోకండి. గాలే ఆడకపోతే కూత కూడా రాదు. పిల్ల తేరుకోకుండా కూత ఆగిందంటే ఇక క్షణం ఆగొద్దు, ఆసుపత్రికే."

"చెప్పడం తేలికేనండీ." ఛాయాదేవి వాచీ చూసుకుంది. "అరవై మంది ఆడపిల్లల్ని కనిపెట్టుకుని ఉండే వార్డెన్ అవస్థ మీకేం తెలుసు?"

మార్త చెయ్యి సంచిలోకి వెళ్ళింది. పుస్తకం సగం పైకొచ్చింది. మళ్ళీ లోపలికి తోసేసింది.

వెళ్ళేటప్పుడు సంచిని ఛాయాదేవి చేతిలో పెట్టింది.

"మీ గదిలో మేకుకి తగిలించుకోండి. మందు ఎప్పుడైనా అవసరం పడుతుంది. పుస్తకం మీకోసం. తీరికున్నప్పుడు చూడండి."

"ఇంతకీ ఎంతకిస్తారు?"

"అమ్మేది కాదమ్మా."

సాయంత్రం కరస్పాండెంటుగారు మేకుకున్న సంచిని చూశారు. "మందులు బయట పెట్టకూడదని తెలీదా?" సంచి కూడా బీరువాలోకి వెళ్ళింది. ఛాయాదేవి పుస్తకం తెరవనే లేదు.

పన్నెండో రోజున, కోత మిషను వదిలేసిన గడ్డికి పక్క చేలో నిప్పు పెట్టారు. రెండింటికల్లా పొగ క్లాసుల్లోకి వచ్చింది. అక్షయకి ఆయాసం మొదలైంది.

సార్ విజయవాడ వన్ టౌన్‌లో ఉన్నారు, యూనిఫాం గుడ్డ బేరం చేస్తూ.

"గంటన్నరలో వచ్చేస్తానమ్మా. ఈలోగా వేణ్నీళ్ళు తాగించు," అన్నారు ఫోన్‌లో.

"తాళం పగలగొడదామా మేడం?" అన్నాడు అంతోని.

"సార్ ఊరుకుంటారా? వస్తున్నారుగా."

అక్షయ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించింది. పిల్లికూతలు వరండా చివరిదాకా వినబడుతున్నాయి.

"ఆంటీ... పంపు..."

"వచ్చేస్తోంది తల్లీ. సార్ వస్తున్నారు."

మూడు దాటాక కూతలు ఆగాయి. అక్షయ కళ్ళు వాలిపోయాయి.

"హమ్మయ్య," అంది ఛాయాదేవి. పిల్లని పడుకోబెట్టి దుప్పటి కప్పింది. సార్‌కి మళ్ళీ ఫోన్ చేసింది.

"తగ్గిందండీ. నిద్రపోతోంది. మీరు కంగారుపడొద్దు, నిదానంగా రండి."

ఫోన్ పెట్టేశాక మార్త మాట గుర్తొచ్చింది.

దుప్పటి లాగేసింది. అక్షయ పెదాలు నేరేడు పళ్ళు తిన్నట్టున్నాయి.

అంతోని పిల్లని ఎత్తుకుని ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. హాస్టల్ పిల్ల ఎవరు గేటు దాటినా రిజిస్టరులో రాయాలి. పదేళ్ళ అలవాటు. ఛాయాదేవి చెయ్యి దానంతటదే రాసింది. అక్షయ, 2024 డిసెంబరు 5, బయటికి 3.25, ఆసుపత్రికి.

పక్కనున్న 'లోపలికి' గడి ఖాళీగానే ఉండిపోయింది.

మూడో రోజు పోలీసులు అడిగితే సార్ బీరువా తెరిచారు. అక్షయ పంపు, దాన్ని ఆనుకుని మార్త సంచి. సంచిలో అలాంటిదే ఇంకో పంపు.

ఛాయాదేవి పుస్తకం బయటికి తీసింది. కంపెనీ పుస్తకం కాదు. ఏదో ఊళ్ళో హాస్టల్ పాత రిజిస్టరు. తను రోజూ రాసేదాని లాంటిదే, అవే గడులు. ఒక పేజీలో ఆనవాలుగా స్ట్రా పెట్టి ఉంది.

ఆ పేజీ అంచున, వెలిసిపోయిన నీలం సిరాతో చిన్న అక్షరాలు. 'కూతలు ఆగాయి. హమ్మయ్య అనుకుని దుప్పటి కప్పాను.'

ఆ పక్కన, సంతకం పెట్టే గడిలో 'మార్త, వార్డెన్' అని ఉంది. ఆమె హాస్టల్ నుంచి ఏడో తరగతి పిల్ల కృప 2011 నవంబరు 22 మధ్యాహ్నం 3.20కి ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు.