వాల్యూమ్ ముప్పై రెండు

“కాగితంలో ఉన్నది ఉన్నట్టు బిగించాలమ్మా. ఒక్క వస్తువు కూడా మారకూడదు,” అన్నాడు పెద్దాయన.

ఆమె కాగితం అందుకుంది. టైపు చేసినది. పై నాలుగు వరసలూ ఎవరో చింపేశారు. పదిహేను అంగుళాల సబ్‌వూఫర్లు రెండు, యాంప్లిఫయర్, స్టీరియో, అన్నీ మోడల్ నంబర్లతో సహా ఉన్నాయి. చివర ‘వాల్యూమ్ 32’ అని, దాని కింద వెలిసిపోయిన గుండ్రటి ముద్ర ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది. పన్నెండేళ్లుగా మొగుడూ పెళ్లాలు బండ్లకి స్పీకర్లు బిగించే ఆ షాపు నడుపుతున్నారు. స్పీకర్లకి చెక్క డబ్బాలు భర్త చేస్తాడు, వైరింగు ఆమెది. బండిలో ఇంత మోత కావాలని వచ్చేవాళ్లు మీసాలు మొలిచీ మొలవని కుర్రాళ్లే. ఈయనకు అరవై దాటి ఉంటాయి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు.

“ఇవి పాత మోడళ్లు బాబాయ్. ఇప్పుడు ఇంతకంటే మంచివి వస్తున్నాయి.”

“మంచివి వద్దు. ఇవే కావాలి.”

వెతికి తెప్పించేసరికి మూడు వారాలు పట్టింది. ఆయన పికప్ ట్రక్కు తెచ్చి షాపు ముందు పెట్టాడు. ఆమె సీటు ముందుకు వంచి చూస్తే వెనక రేకుకి పాత స్క్రూల రంధ్రాలు కనిపించాయి.

“ఇంతకుముందు కూడా ఇక్కడ సెట్టు ఉండేదా?”

“ఉండేది. తీసుకెళ్లిపోయారు.”

దొంగలు ఎత్తుకుపోయారు కాబోలనుకుని ఆమె అయ్యో అంది. ఆయన వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

రెండు రోజుల పని. భర్త ప్లైవుడ్ కోసి సీటు వెనక ఇరుకులో పట్టేలా డబ్బా చేశాడు. ఆమె బ్యాటరీ నుంచి బొటనవేలంత లావు వైరు సీటు కిందుగా లాక్కొచ్చింది. ఆ రెండు రోజులూ పెద్దాయన స్టూలు మీద నుంచి కదల్లేదు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నాడు.

“ఈయన వాలకం నాకేదో తేడాగా ఉంది,” అన్నాడు భర్త గొంతు తగ్గించి.

“పోనిద్దూ. వయసు మళ్లాక పుట్టిన సరదా,” అందామె.

పని పూర్తయింది. పెద్దాయన లేచాడు.

“నేను లోపల కూర్చుని పాట పెడతాను. నువ్వు బండి వెనక నిలబడి అరవాలమ్మా.”

ఇలాంటి పరీక్ష ఆమె ఎక్కడా వినలేదు.

“నా గొంతు పెద్దది. నేను అరుస్తాలెండి,” అన్నాడు భర్త.

“నువ్వొద్దు బాబూ. అమ్మాయే అరవాలి.”

“ఏమని అరవను?”

“‘ఆగరా’ అని.”

“పెద్దవారు, మిమ్మల్ని ‘రా’ అని ఎలా అంటాను బాబాయ్?”

“ఈ ఒక్కసారికి అను.”

ఆయన లోపల కూర్చుని కిటికీ అద్దాలు ఎక్కించుకున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి ముప్పై రెండు దాకా తిప్పాడు. షాపు రేకులు అదిరాయి. గోడకి తగిలించిన స్పానర్లు గలగలలాడాయి. ఆమె వెనక తలుపు దగ్గర నిలబడి అరిచింది. ఆయన తల తిప్పలేదు. గుక్కపట్టి మళ్లీ అరిచింది. మూడోసారి అరుస్తూ ఇనప తలుపుని అరచేత్తో దబదబా బాదింది. వెనక అద్దంలోంచి నెరిసిన తల కనిపిస్తూనే ఉంది. అది ఇసుమంతైనా కదల్లేదు.

పాట ఆగింది. ఆయన అద్దం దించాడు.

“నేను సిద్ధమేనమ్మా. ఎప్పుడు అరుస్తావు?”

“ఎప్పుడు అరవడమేంటి బాబాయ్? మూడుసార్లు అరిచాను. గొంతు బొంగురుపోయింది. తలుపు కూడా బాదాను, చూడండి.”

ఎర్రగా కందిన అరచేయి చాపింది. ఆయన ఆ చేతివంక చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె భర్తవైపు తిరిగాడు.

“నిజమేనా బాబూ?”

“పక్కషాపు వాళ్లు కూడా బయటికొచ్చి చూశారండీ.”

ఆయన దిగబోయాడు. బండి మెట్టు మీదే కూలబడ్డాడు. ఆమె పరుగున వెళ్లి భుజం పట్టుకుంది.

“ఏమైంది బాబాయ్? డాక్టర్ని పిలవమంటారా?”

“మూడేళ్ల కిందట మావాడు వెనక్కి తీస్తున్న ఈ బండి వెనక నిలబడి అరిచి అరిచి దీని కిందే పడి చనిపోయింది నా భార్య, ‘పాట మోతలో అమ్మ కేక వినపడలేదు నాన్నా’ అని వాడు నా కాళ్లు పట్టుకుని ఏడుస్తున్నా, అబద్ధమని కోర్టులో చెప్పి వాణ్ణి జైలుకి పంపింది నేనేనమ్మా.”