తోపుడు కారు

కింది వాటాలో కొత్తగా దిగినాయన పొద్దున్నే కారు తోస్తున్నాడు.

పైవాటా ఇల్లాలు మెట్ల మీంచి చూసి జాలిపడింది. చిన్న కారే అయినా ఒక్కడే తోయడం మాటలు కాదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, భుజం ఆన్చి, రొప్పుతూ, తలుపు గేటుకి రాసుకుని గీత పడ్డా ఆగకుండా, గేటు దాటించి రోడ్డు మలుపు దాకా తీసుకుపోయాడు.

"సెల్ఫ్ పోయిందాండీ?" అని మర్నాడు అడిగింది.

"పాత కారు కదమ్మా," అని నవ్వాడు.

మలుపు అవతల రోడ్డు పల్లం. అక్కడ జారితే స్టార్టవుతుంది కాబోలు అనుకుంది.

ఆయనది బేకరీలో పని. అందరికన్నా ముందే లేచి వెళ్ళాలి. రోజూ ఇదే తంతు.

"ఇదివరకు కింద ఉన్న టాక్సీ ఆయన చూడు, ఇంజను పావుగంట వేడిచేసి రాజాలా వెళ్ళేవాడు. ఈయనేమో తోపుడుబండి," అన్నాడు ఆమె భర్త.

ఆ పేరు అన్ని వాటాలకీ పాకింది. ఆయన చెవినా పడింది. నవ్వి ఊరుకున్నాడు.

చూడలేక ఆమె ఓసారి మెకానిక్‌ని పంపింది. ఆయన టీ ఇచ్చి, కబుర్లు చెప్పి, బానెట్ తెరవనివ్వకుండా సాగనంపాడు.

"అలవాటైపోయిందమ్మా. ఒంటికీ మంచిదే."

పిసినారి అనుకుని ఆమె ఊరుకుంది. ఆమె బెంగ ఆమెకుంది. పాపకి ఆయాసం. తెల్లవారుజామున దగ్గు అందుకుంటే పసిదాని డొక్కలు ఎగిరెగిరి పడేవి. దుమ్మన్నారు, దిండ్లు మార్చింది. గాలి ఆడాలన్నారు, మంచం కిటికీ పక్కకు జరిపింది. చివరికి, ఈయన దిగిన మొదటి రోజున దగ్గు కిందిదాకా వినబడినప్పుడు, డాక్టరునే మార్చింది.

కొత్త డాక్టరు హస్తవాసి మంచిది. పాప తెల్లారేదాకా ఆదమరిచి నిద్రపోవడం మొదలుపెట్టింది. ఆమె ఆనందం పట్టలేక పండ్ల బుట్ట తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టి వచ్చింది.

ఏడాది తిరిగాక ఓ ఆదివారం కింద కొత్త కారు ఆగింది. అదే చిన్న కారు, కొత్త మోడల్. ముందు దీపాలు సన్నబడ్డాయి, వెనక తలుపు వెడల్పయింది.

"కంపెనీవాళ్ళు ఈ మోడల్‌కి ఇంజనే మార్చేశారమ్మా. పొగ బాగా తగ్గించారు. పెట్రోలూ తక్కువే తాగుతుంది," అన్నాడు సంబరంగా.

"అదంతా సరేగానీ, స్టార్టవుతుందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

మర్నాడు పొద్దున ఆవరణలోనే స్టార్ట్ చేశాడు. వెంటనే బయల్దేరలేదు. దిగి, వెనక పొగగొట్టం దగ్గర వంగి చూసి, తలెత్తి పైకి చూస్తూ నిలబడ్డాడు. మెట్ల మీద ఆమె కనబడింది.

"పైకి ఏమన్నా తెలిసిందామ్మా?"

"ఏమీ తెలియలేదండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది.

"కొత్త కారు కొన్నవాడు పొగడ్త కోసం చూస్తాడు. ఈయనేమో ఏమీ తెలియలేదంటే మురిసిపోతున్నాడు," అని ఆమె భర్తకి చెప్పి నవ్వింది.

కొన్నాళ్ళకే బేకరీ వాళ్ళు వేరే ఊళ్ళో కొట్టు తెరిచి ఆయన్ని అక్కడికి పంపారు.

"దారంతా తోసుకుంటూ వెళ్ళకండి మరి," అందామె. అదే వీడ్కోలు.

తర్వాత ఓసారి ఆమె తమ్ముడు సెకండ్‌హ్యాండ్ కారులో వచ్చాడు. తలుపు మీద గేటు గీసిన గీత చూడగానే ఆమె గుర్తుపట్టింది.

"ఒరేయ్, ఇది మా తోపుడుబండి కారు. నిన్నెవరో నిలువునా ముంచారు. దీన్ని ఆయన ఏడాదంతా తోస్తూనే ఉన్నాడు."

"దీన్నెందుకు తోయడం? మెకానిక్‌తో అంతా చూపించే కొన్నానక్కా. పొగ కాస్త ఎక్కువగానీ, సెల్ఫ్ ఎప్పుడూ మొరాయించలేదట."

ఆ పూటకి ఉండి, మర్నాడు తెల్లవారుతుండగా బయల్దేరాడు. పాప కిటికీ కిందే తాళం తిప్పాడు. సగం తిప్పగానే ఇంజను అందుకుంది. నీలం పొగ గోడ వెంట పైకి పాకింది.

పైన దగ్గు మొదలైంది. ఏడాదికి పైగా ఆ ఇంట్లో వినబడని దగ్గు.

"ఆపరా, ముందది ఆపు," అని అరిచి ఆమె పైకి పరిగెత్తింది.

కిటికీ మూసి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మందు పీల్పించింది. కాసేపటికి దగ్గు నెమ్మదించింది. తమ్ముడు గుమ్మం దగ్గర బిత్తరపోయి నిలబడ్డాడు.

"చూశావుగా, కారుకి ఏ రోగమూ లేదు. మరి ఆయనెందుకు తోసేవాడక్కా?"

ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏ ఊరు వెళ్తున్నారని కూడా తను అడగని ఆ మనిషికి మనసులోనే చేతులెత్తి మొక్కి, పాప వీపు నిమురుతూ అంది:

"ఏడాదంతా దీనికి వైద్యం చేసింది ఆయనేరా."