గరిటెల చక్రం

"రంగెలా ఉంది టైలరన్నా?"

మోకాలి లోతు వాగులో నిలబడి మెకానిక్ అరిచాడు. గట్టు మీద టైలర్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైనున్న మెకానిక్ ఇంటి వైపు చూశాడు. వసారాలో ఒకే ఒక్క బల్బు వేలాడుతోంది.

"నిన్న నిమ్మపండు రంగు దారం. ఇవాళ నారింజ."

"సరిగ్గా చూడన్నా."

"ముప్పై ఏళ్లుగా గుడ్డకి దారం కలిపినవాణ్ణి తమ్ముడూ. నారింజే. అదీ మాగిపోయిన నారింజ."

మెకానిక్ వంగి, పైపు మూతిలో ఇరుక్కున్న ఆకులు పీకి పారేశాడు.

కొండచరియ విరిగిపడి తొమ్మిది రోజులైంది. కరెంటు స్తంభాలూ, రోడ్డూ కలిసే లోయలోకి పోయాయి. ఫోన్లు మూగబోయాయి. తెగిన రోడ్డు దాకా టైలర్ రెండుసార్లు వెళ్లొచ్చాడు. అటుపక్క వాళ్లు చేతులూపారు, తనూ ఊపాడు, అంతే.

మెకానిక్ తల్లికి ఏడాదిగా ఆక్సిజన్ మిషన్ లేనిదే ఊపిరాడదు. ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు అయిపోయేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. మోటార్లు చుట్టి బతికే మనిషి, కొట్లో మూలపడ్డ పంపు మోటారుని భుజానేసుకుని వాగు దగ్గరికి తెచ్చాడు. నీళ్లు తోడే మోటారుని నీళ్లతోనే తిప్పితే కరెంటిస్తుందని అతనికి తెలుసు. సైకిలు చక్రానికి చుట్టూ పద్దెనిమిది గరిటెలు బిగించాడు. పైనుంచి పైపులో దూకే నీళ్లు గరిటెల్ని కొడితే చక్రం తిరిగింది. మిషన్ గుర్రుమంది. మర్నాటికే సిలిండరు ఖాళీ అయింది.

గరిటెల్లో ఆరు టైలర్ భార్యవి. "కూర దేంతో కలపను?" అని ఆవిడ నిలదీస్తే, "పుల్లతో కలుపు, ఇన్నేళ్లలో నీ కూరకి నేనేమన్నా వంక పెట్టానా?" అన్నాడట టైలర్.

ఇప్పుడు వానలు ఆగాయి. ఎండ వచ్చిందని వీధంతా బట్టలారేసుకుంటోంది. వాగు సన్నబడుతోందని మెకానిక్ ఒక్కడికే గుండె జారిపోతోంది.

మధ్యాహ్నం అతను ఇంట్లోకొచ్చేసరికి మిషన్ కుయ్ కుయ్ మంటోంది. కరెంటు చాలకపోతే అది అలాగే అరుస్తుంది. భార్య మంచం పక్కన కూర్చుని అత్తగారి అరికాళ్లు రుద్దుతోంది.

"పొద్దుట్నుంచీ ఇదే గోలండీ."

"ఆ బల్బన్నా తీసెయ్యరా," అంది తల్లి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "నేను గట్టిగా ఊపిరి తీస్తే అది కొండెక్కేలా ఉంది."

"బల్బు నీ కోసమేనమ్మా. వాగు హోరులో ఇక్కణ్ణుంచి కేకేస్తే నాకు వినపడదు. అది చూసే నీకెంత అందుతోందో తెలుసుకునేది. అదెంత తింటుందిలే, చెంచాడు. తిండంతా నీ మిషన్‌దే."

"అయితే తిండిపోతుని నేనన్నమాట," అని తల్లి నవ్వబోయి దగ్గింది.

భార్య అతని వెనకే వసారాలోకొచ్చింది. "ఏమండీ, ఫోను కాస్త చార్జింగు పెట్టుకోనా? సిగ్నలొస్తే రోడ్డు వాళ్లెవరైనా..."

"వద్దు. ఏదీ కొత్తగా పెట్టకు, ఉన్నది తియ్యకు. మొదటిరోజు ఫ్యాను తీశావు, ఏమైంది? దాని వాటా కరెంటు కూడా బల్బు మీద పడి టప్పున పేలలేదూ?"

ఆమె తలూపింది. "పోనీ మీరు కాసేపు అత్తయ్య దగ్గర కూర్చోండి. ఇందాకట్నుంచి మిమ్మల్నే అడుగుతున్నారు."

"కూర్చుంటే నీళ్లొస్తాయా?" అని మెకానిక్ గడప దాటేశాడు.

పైపు మూతిని ఇంకా ఎగువకి జరిపాడు. నీళ్లు గట్టిగా కొట్టాలని పైపు చివర ప్లాస్టిక్ సీసా మెడ కోసి తొడిగాడు. టైలర్ కత్తిరింపు గుడ్డలన్నీ కలిపి సంచులు కుట్టి తెచ్చాడు. వాటిలో ఇసుక నింపి, వాగుకి అడ్డంగా పేర్చి, నీళ్లని పైపు వైపు తిప్పారు. ఒక సంచి పెడితే ఇంకోటి జారిపోయేది. మెకానిక్ వేళ్లు తెల్లగా నాని, గోళ్ల దగ్గర చిట్లాయి.

"రంగు?"

"నారింజే."

ఇంకో నాలుగు సంచులు. ఎండ కొండ వెనక్కి దిగింది.

"రంగు చెప్పన్నా!"

"అడక్కు తమ్ముడూ."

మెకానిక్ ఆఖరి సంచిని గుండెలకి హత్తుకుని మోసుకొచ్చి సందులో కూరాడు. దాని మీద తనే ఎక్కి కూర్చున్నాడు. చలికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఇంక పెట్టడానికి సంచుల్లేవు. చెయ్యడానికీ ఏమీ లేదు.

ఉన్నట్టుండి చక్రం మోత మారింది. గుర్రుమనేది కాస్తా గుయ్యిమంది. గరిటెలు కంటికి ఆనకుండా తిరిగాయి.

"తమ్ముడూ! తెలుపు!" టైలర్ గట్టు మీద ఎగిరాడు. "మల్లెపువ్వు తెలుపు! అలాంటి దారం నా కొట్లోనే లేదు!"

మెకానిక్ తలెత్తి చూశాడు. వసారా అంతా పట్టపగల్లా ఉంది. అతను నీళ్లలోనే కూలబడి నవ్వాడు, ఏడ్చాడు, రెండు చేతులా నీళ్లు టైలర్ మీదికి చిమ్మాడు.

"రేపట్నుంచి మీ ఆవిడ పుల్లతోనే కలపాలన్నా. గరిటెలు తిరిగివ్వను!"

"ఉంచుకో, అట్లకాడ కూడా తెస్తా!"

బాటలో భార్య దిగి వస్తోంది. చెప్పుల్లేవు. మెల్లగా నడుస్తోంది.

"చూశావా?" అతను అక్కణ్ణుంచే కేకేశాడు. "అమ్మకి చెప్పు, ఎంత తింటుందో తిననియ్యి! నేనిప్పుడే వచ్చి కూర్చుంటానని చెప్పు!"

ఆమె గట్టు దాకా వచ్చి, తిరుగుతున్న చక్రాన్ని కాసేపు చూసింది.

"అత్తయ్యకి ఇంక అక్కర్లేదని మిషన్ ఆపేశానండీ."